శ్వాసకు దొరకని మత్తు

దబీర్‌పురా దర్వాజా కింద నుంచి ఇప్పటికీ ఆటోలు, బైకులు, తోపుడు బండ్లు పోతూనే ఉంటాయి. హైదరాబాద్ పాతబస్తీ చుట్టూ ఒకప్పుడు ఉన్న కోటగోడకు పదమూడు దర్వాజాలుండేవి. వాటిలో నేటికీ నిలిచినవి రెండే. ఒకటి ఇది, రెండోది పురానాపూల్ దర్వాజా. గుర్రాలకూ పల్లకీలకూ సరిపడా కట్టిన ఆ కమాను కింద ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లలో ఒకటి ఆగాల్సిందే. మొహర్రం రోజుల్లో ఇక్కడి బీబీ కా అలావా ఆశుర్‌ఖానా నుంచి అలం (పీరు) ఊరేగింపు బయలుదేరినప్పుడు ఈ వీధుల్లో అడుగు పెట్టడానికి చోటుండదు. మామూలు రోజుల్లోనూ బడి పిల్లలు, బురఖాల్లో సంచులు మోసుకెళ్లే తల్లులు, మసీదు నుంచి ఇంటికి నడిచే ముసలివాళ్లు అందరూ బండ్ల పక్క నుంచే నడవాలి. ఫుట్‌పాత్ అనేది చాలాచోట్ల లేదు. ఇలాంటి చోట బండి నడిపేవాడి కన్ను, చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైనా దెబ్బ తగిలేది నడిచేవాళ్లకే.

ఒక రాత్రి ఆ దగ్గర్లోని ఫ్లైఓవర్ దిగేచోట బారికేడ్లు పెట్టి డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ జరుగుతోందనుకుందాం. పోలీసు ఒక ఆటోను ఆపి, బ్రీత్ అనలైజర్‌కు కొత్త పైపు తొడిగి డ్రైవర్ నోటి ముందు పెడతాడు. ‘గట్టిగా ఊదు భాయ్, ఆపకుండా ఊదు’ అంటాడు. మిషన్ బీప్ అని సున్నా చూపిస్తుంది. కానీ ఆ డ్రైవర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. లైసెన్సు అడిగితే ఆర్‌సీ తీస్తున్నాడు. పేరు చెప్పడానికి కూడా కాస్త వెతుక్కుంటున్నాడు. గంజాయి కావచ్చు, మత్తు మాత్ర కావచ్చు. పొద్దున్నుంచి పద్నాలుగు గంటలు ఆటో తోలిన అలసటా కావచ్చు. జ్వరానికి, జలుబుకు వేసుకున్న మందూ కావచ్చు. ఈ నాలుగింటిలో ఏదో తేల్చడానికి చట్టం ఆ పోలీసు చేతికి ఏమిచ్చింది? మద్యం విషయంలో మిషన్‌నూ అంకెనూ ఇచ్చింది. మిగతా మత్తుల విషయంలో ఇచ్చినది ఒక వాక్యం మాత్రమే.

ఆ వాక్యం మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్‌లో ఉంది. దానికి రెండు భాగాలు. మొదటిది మద్యం గురించి: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మనిషి తూలాడా, నిటారుగా నిలబడ్డాడా అన్నది అక్కడ అనవసరం, అంకె దాటితే చాలు. రెండోది మాదకద్రవ్యాల గురించి: బండిని సరిగ్గా అదుపు చేయలేనంతగా మత్తు ప్రభావంలో ఉంటే నేరం. ఇక్కడ అంకె లేదు. అదుపు తప్పిందని రుజువు చేయాలి, అది మత్తు వల్లేనని కూడా రుజువు చేయాలి. శిక్ష మాత్రం రెండింటికీ ఒకటే. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. ఈ జరిమానాలు 2019 సవరణతో పెరిగినవి, అంతకు ముందు మొదటిసారికి రెండు వేలు. ఇది చలానా కట్టి వదిలించుకునే కేసు కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే.

2019 సవరణ మరో పని కూడా చేసింది. డ్రగ్ అంటే ఏమిటో విస్తరించి చెప్పింది. మద్యం కాని ఏ మత్తు పదార్థమైనా, సహజమైనదైనా కృత్రిమమైనదైనా, అలాంటివాటి మిశ్రమాలైనా, కేంద్రం నోటిఫై చేసినవి ఇందులోకి వస్తాయి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోని నార్కోటిక్, సైకోట్రోపిక్ పదార్థాలన్నీ కూడా వస్తాయి. చదవడానికి విశాలంగానే ఉంది. అయితే కేంద్రం నోటిఫై చేయాలన్న షరతు ప్రతి మత్తు పదార్థానికీ వర్తిస్తుందా, చివర చెప్పిన మిశ్రమాలకేనా అన్న దగ్గర ఆ వాక్యాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఎన్‌డీపీఎస్ పరిధిలో లేని వైట్‌నర్ వాసన పీల్చి బైకెక్కిన కుర్రాడి కేసులో డిఫెన్స్ లాయరు పట్టుకునేది ఆ సందిగ్ధాన్నే. భంగు ఆకుదీ ఇదే పరిస్థితి. గంజాయి మొక్క పూత, జిగురు ఎన్‌డీపీఎస్ కిందికి వస్తాయి, విడి ఆకు రాదు. ఆకు నూరి తాగినవాడు హ్యాండిల్ పట్టుకుంటే ఎదుటివాడికి జరిగే నష్టంలో మాత్రం తేడా ఉండదు.

అసలు లోటు ఇంకా ముందుకు వెళ్తే కనిపిస్తుంది. నేరాన్ని నిర్వచించిన చట్టం, దాన్ని పట్టుకునే పద్ధతి దగ్గరికొచ్చేసరికి మద్యం దగ్గరే ఆగిపోయింది. 203వ సెక్షన్ పేరే శ్వాస పరీక్ష. ఆ పరీక్ష రక్తంలో ఆల్కహాల్ జాడ తెలుసుకోవడానికేననీ, కేంద్రం ఆమోదించిన పరికరంతోనే చేయాలనీ అందులోనే రాసి ఉంది. 204వ సెక్షన్ రక్త పరీక్ష గురించి. రక్తం ఎప్పుడు అడగొచ్చు? శ్వాస మిషన్ ఆల్కహాల్ చూపించినప్పుడు, లేదా ఆ మనిషి ఊదడానికి ఒప్పుకోనప్పుడు. మన ఆటో డ్రైవర్ ఊదాడు. సున్నా వచ్చింది. అంటే 204 తలుపు మూసుకుంది. 205వ సెక్షన్ ప్రకారం నిరాకరణను అతనికి వ్యతిరేకంగా వాడుకోవచ్చు, కానీ అదీ శ్వాస, రక్తం ఇవ్వనన్నవాడికే వర్తిస్తుంది. లాలాజలం అన్న మాటే ఈ సెక్షన్లలో లేదు.

మిగిలింది 202. యూనిఫాంలో ఉన్న పోలీసు తన కళ్లముందు 185 నేరం జరిగితే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. అరెస్టయిన రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టరు చేత వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి. అయితే ఆ పరీక్ష 203, 204 సెక్షన్లలో చెప్పిన పరీక్షేనని కూడా అదే వాక్యం అంటుంది. తిరిగి తిరిగి మళ్లీ శ్వాస దగ్గరికే వచ్చాం. దీన్ని దాటడానికి పోలీసులు సాధారణ నేర విచారణ చట్టాన్ని ఆశ్రయించాలి. పాత సీఆర్‌పీసీలో 53వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 51వ సెక్షన్ ప్రకారం, అరెస్టయిన మనిషి శరీరంలో సాక్ష్యం దొరుకుతుందనుకుంటే డాక్టరుతో పరీక్ష చేయించవచ్చు. రక్తం, కఫం, చెమట, వెంట్రుకలు అన్నీ అందులో ఉన్నాయి. నిందితురాలు మహిళ అయితే మహిళా డాక్టరే చేయాలి, లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి. వేలిముద్రల్లాంటి భౌతిక సాక్ష్యం తీసుకోవడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పినట్టు కాదని సుప్రీంకోర్టు 1961లోనే కాఠీ కాలూ ఓఘడ్ కేసులో తేల్చింది. కాబట్టి దారి ఉంది. కానీ అది పెద్ద నేరాల కోసం వేసిన దారి. ముందు అరెస్టు కావాలి, ఆ తర్వాతే పరీక్ష. అనుమానం వచ్చినవాణ్ని రోడ్డు పక్కన నిలబెట్టి ఐదు నిమిషాల్లో తేల్చుకోవడానికి అది పనికిరాదు.

అదుపు చేయలేనంతగా అన్న మాట కొత్తది కాదు. 1939 నాటి పాత మోటారు చట్టంలోనూ ఇదే ధోరణి ఉంది. అప్పట్లో మద్యానికీ ఇదే కొలత. కంటితో చూసి చెప్పడం ఎంత బలహీనమైన సాక్ష్యమో 1971లో సుప్రీంకోర్టు బచ్చుభాయ్ హసనల్లీ కార్యానీ కేసులో చూపించింది. నోటి వాసన ఉంది, నడక తూలుతోంది, కనుపాపలు పెద్దవయ్యాయి, మాట తడబడుతోందని డాక్టరు చెప్పారు. రక్త పరీక్ష మాత్రం జరగలేదు. ఈ లక్షణాలతో మద్యం మత్తు రుజువైనట్టు కాదని కోర్టు చెప్పింది. మద్యం విషయంలో ఆ తర్వాత అంకె వచ్చింది, మిషన్ వచ్చింది, ఆ చిక్కు తీరిపోయింది. మాదకద్రవ్యాల విషయంలో మనం నేటికీ 1971కి ముందున్న స్థితిలోనే ఉన్నాం. ఒక ఎస్‌ఐ నిజాయతీగా 185 రెండో భాగం కింద కేసు రాయాలనుకున్నా, డిఫెన్స్ వైపు నుంచి మొదట వచ్చేది ఈ తీర్పే.

మద్యంపై హైదరాబాద్‌లో జరిగిన పని తక్కువదేం కాదు. 2011 చివర్లో ట్రాఫిక్ పోలీసులు మొదలుపెట్టిన ప్రత్యేక తనిఖీలు అలవాటుగా మారాయి. దొరికినవాళ్లు గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చోవాల్సి వచ్చింది. కోర్టులు కొందరిని చంచల్‌గూడ జైలుకూ పంపాయి. దబీర్‌పురా వాళ్లకు ఆ జైలు గోడ దూరమేం కాదు, రోజూ దాటిపోయేదే. ఈ క్రమంలో పోలీసుల అధికారానికి హద్దులూ తేలాయి. తాగి దొరికినంత మాత్రాన బండిని పట్టుకుని ఉంచే అధికారం పోలీసులకు లేదని, తాగని మరో మనిషి ఉంటే అతనికి అప్పగించాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఇన్నేళ్లలో పరికరం, ఫారం, కౌన్సెలింగ్, కోర్టు ఆచారం అన్నీ ఒకదాని పక్కన ఒకటి కుదురుకున్నాయి. మాదకద్రవ్యాల తనిఖీకి ఆ కుదురు లేదు.

యంత్రాంగం మాత్రం పెరిగింది. 2022లో హైదరాబాద్ నార్కోటిక్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వింగ్, 2023లో రాష్ట్ర స్థాయి యాంటీ నార్కోటిక్స్ బ్యూరో వచ్చాయి. ఆ బ్యూరో పేరు 2025 జూన్‌లో ఈగల్‌గా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే, 2024లో, అదే పేరుతో ఒక విభాగం ఏర్పడింది. పబ్బుల్లో, వేడుకల్లో కిట్లతో పరీక్షలు మొదలయ్యాయి. 2023 ఏడాది చివరి రాత్రి నాటికి ఈ కిట్లు రోడ్డు మీది తనిఖీల దాకా వచ్చాయి. కేరళ పోలీసులు 2022లోనే ఆల్కో స్కాన్ వ్యాన్ పేరుతో లాలాజలంలో మాదకద్రవ్యాలు పట్టే బండిని రోడ్డెక్కించారు. ప్రయత్నం మంచిదే. నాకున్న అభ్యంతరం వేరు. ఆ కిట్ చెప్పే విషయం ఒకటి, 185 అడిగే విషయం మరొకటి.

కిట్ ఏం చూస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. మద్యం నీటిలో కలిసిపోయే పదార్థం. రక్తంలో ఎంత ఉందో ఊపిరిలోకి దాదాపు అదే నిష్పత్తిలో వస్తుంది, గంటగంటకూ ఒక క్రమంలో తగ్గుతుంది. మత్తు కూడా దానితో పాటే ఎక్కి దిగుతుంది. అందుకే 30 అన్న అంకెకు అర్థముంది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అలా నడవదు. అది కొవ్వులో కరుగుతుంది. పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లో రక్తంలో శిఖరానికి చేరి, రెండు మూడు గంటల్లోనే బాగా పడిపోతుంది. మందగింపు మాత్రం ఇంకా కొనసాగవచ్చు. కొవ్వులో దాక్కున్న భాగం కొద్దికొద్దిగా తిరిగి రక్తంలోకి వస్తుంటుంది కాబట్టి, రోజూ పీల్చేవాడు మానేసిన కొన్ని రోజులకూ రక్తంలో జాడ దొరకవచ్చు. అంటే రక్తంలో తక్కువున్నవాడు మత్తులో ఉండొచ్చు, ఎక్కువున్నవాడు తేరుకుని ఉండొచ్చు.

మూత్ర పరీక్ష సంగతి ఇంకా దూరం. అది పట్టేది ప్రధానంగా శరీరం విరగ్గొట్టి పారేసిన కార్బాక్సీ టీహెచ్‌సీని. దానికి మత్తు ఉండదు. అలవాటున్నవాడిలో వారాల తరబడి దొరుకుతుంది. రోజూ పీల్చే అలవాటుండి పోయిన నెల మానేసినవాడు ఇవాళ పొద్దున ఆటో నడుపుతుంటే మూత్రం పాజిటివ్ అని చెప్పొచ్చు. అది అతను గంజాయి వాడాడనడానికి సాక్ష్యం కావచ్చు. ఈ పొద్దు బండి నడపలేని స్థితిలో ఉన్నాడనడానికి ఏమాత్రం సాక్ష్యం కాదు. లాలాజలం వీటికన్నా మేలు, ఎందుకంటే అది ఇటీవలి వాడకాన్ని చూపిస్తుంది, గంటల లెక్కలో. కానీ దానికీ చిక్కులున్నాయి. గంజాయి నోరు ఎండగొడుతుంది కాబట్టి కిట్‌లోని పుల్లకు చాలినంత ఉమ్మి రాదు. మాత్రల రూపంలో మింగింది పొగలా నోట్లో అంటుకుని ఉండదు. పైగా కిట్ చెప్పేది ఉందా లేదా అని మాత్రమే. దాని మీద ప్రయోగశాల నిర్ధారణ తప్పనిసరి.

దీంతో ఏం జరుగుతుందంటే, 185 కింద రుజువు కష్టమనిపించి కేసు ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ వైపు జారిపోతుంది. అది వాడకానికి శిక్ష వేసే సెక్షన్. కొకైన్, మార్ఫిన్, హెరాయిన్ లాంటివైతే ఏడాది దాకా కఠిన జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. గంజాయి లాంటి మిగతావైతే ఆరు నెలల దాకా, లేదా పది వేల దాకా, లేదా రెండూ. అందులో అదుపు తప్పాడని చూపాల్సిన పనిలేదు, వాడాడని చూపితే చాలు. పనిగా అది సులువే, అయినా రోడ్డు భద్రతకు సంబంధించిన ప్రశ్న అక్కడ మాయమైపోతుంది. బండి నడిపే స్థితిలో ఉన్నాడా అన్నది ఎవరూ అడగరు. ఎప్పుడో పీల్చిన మనిషీ, ఇప్పుడే మత్తులో జనం మీదికి బండి తోలిన మనిషీ ఒకే కాగితం మీద ఒకే నేరస్తులవుతారు. మొదటివాడికి ఇది ఎక్కువ, రెండోవాడికి తక్కువ. ఎన్‌డీపీఎస్‌లోనే 64ఎ సెక్షన్ కింద చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొచ్చే వ్యసనపరుడికి విచారణ నుంచి రక్షణ ఉంది. రోడ్డు మీద పట్టుబడినవాడికి ఆ సంగతి చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

హైదరాబాద్ రోడ్ల మీది మత్తు గురించి మాట్లాడేటప్పుడు మన ఊహ గంజాయి, కొకైన్ దగ్గరే తిరుగుతుంది. ఇది పెద్ద పొరపాటు. పాతబస్తీలో పోలీసులు పట్టుకునే సరుకులో నైట్రావెట్ లాంటి నిద్రమాత్రలు, నొప్పి తగ్గించే ఇంజెక్షన్లు తరచూ కనిపిస్తాయి. మందుల షాపులో చీటీ మీద అమ్మాల్సినవే చీటీ లేకుండా చేతులు మారుతుంటాయి. ఇక తెలంగాణ పల్లెల్లో, నగర శివార్లలో అసలు మత్తు కల్లులో కలిపే అల్ప్రాజోలం. ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు రాసే ఈ మందు ఎన్‌డీపీఎస్ జాబితాలో ఉంది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు, చాలామంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ వార్త చదివినవాళ్లంతా మరణాల గురించే ఆలోచించారు, అది సహజమే. నాకు వచ్చిన ప్రశ్న ఇంకొకటి: అలాంటి కల్లు తాగి ప్రాణాలతో బయటపడి, రోజూ సాయంత్రం బైకెక్కి ఇంటికి పోయేవాళ్ల సంగతి? కల్లులో ఆల్కహాల్ తక్కువ. మిషన్‌లో 30 దాటకపోవచ్చు. కానీ అల్ప్రాజోలం కాస్త మద్యంతో కలిస్తే ఒక్కొక్కటి విడిగా ఇచ్చే మత్తును మించి మనిషిని ముంచుతుంది. పోలీసు మిషన్ అతన్ని వదిలేస్తుంది, పోలీసు కూడా మంచి మనసుతోనే వదిలేస్తాడు. అతను తాగింది ఏమిటో అతనికే తెలియదు.

ఈ లోటు లెక్కల్లోనూ ఉంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. మద్యం, మాదకద్రవ్యాల ఖాతాలో పడినవి రెండున్నర శాతం చుట్టూ. ఆ రెండూ ఒకే గడిలో ఉంటాయి. మాదకద్రవ్యాల వాటా ఎంతో ఆ పట్టికలో విడిగా కనిపించదు. ప్రమాదం జరిగిన ప్రతిచోటా రక్తం తీసి అన్ని మత్తుల కోసం వెతికితే తప్ప ఆ అంకె బయటపడదు. వెతకని దానికి లెక్క లేదు, లెక్క లేనిదాని మీద చట్టం మార్చాలన్న ఒత్తిడి రాదు.

బయటి దేశాలు ఈ చిక్కును తలో విధంగా విప్పే ప్రయత్నం చేశాయి. లాలాజల పరీక్షను రోడ్డు మీదికి మొదట తెచ్చింది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, 2004 డిసెంబరులో. అక్కడి పద్ధతి కఠినం. గంజాయి, మెథాంఫెటమిన్ లాంటివాటి జాడ ఉంటే చాలు, నేరం. మత్తులో ఉన్నాడా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఆ తనిఖీ మొదలైన తొలి రోజే కెమెరాల ముందు పాజిటివ్‌గా తేలిన డ్రైవర్ విషయంలో ఆ తర్వాతి ప్రయోగశాల పరీక్షలు కిట్ ఫలితాన్ని నిలబెట్టలేదు. అప్పటికే అతని ముఖం దేశమంతా చూసింది. తొలి కిట్ మాట మీద మనిషిని ప్రపంచానికి చూపించకూడదన్న పాఠం మన పోలీసు ప్రెస్‌మీట్లకు బాగా పనికొస్తుంది. డాక్టరు రాసిన గంజాయి మందు వాడేవాళ్లు ఈ కఠిన పద్ధతిలో ఇరుక్కుపోతున్నారన్న ఫిర్యాదు పెరిగి, 2025 మార్చి నుంచి విక్టోరియా కోర్టులకు అలాంటివాళ్ల లైసెన్సు విషయంలో విచక్షణ ఇచ్చారు.

బ్రిటన్ 2015 మార్చిలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక్కో పదార్థానికీ ఒక్కో అంకె పెట్టింది. నిషిద్ధ పదార్థాలకు దాదాపు సున్నా లాంటి హద్దు, గంజాయికి లీటరు రక్తంలో రెండు మైక్రోగ్రాములు. డాక్టరు రాసే మందులకు ప్రమాదాన్ని బట్టి పెద్ద హద్దు. చీటీ ప్రకారం మందు వేసుకుని, బండి నడపగల స్థితిలో ఉన్నవాడికి చట్టంలోనే రక్షణ ఇచ్చింది. పాత పద్ధతిలో అదుపు తప్పడాన్ని రుజువు చేసే నేరాన్ని కూడా తీసేయలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మనకు నమూనా కావాలంటే ఇదే దగ్గరిదని నా అభిప్రాయం. జర్మనీ మరో ముఖ్యమైన పని చేసింది. అక్కడ గంజాయి హద్దు మిల్లీలీటరుకు ఒక నానోగ్రాముగా ఉండేది. నిపుణుల సంఘం సూచన మీద 2024లో దాన్ని 3.5కు మార్చింది. తప్పనిపించిన అంకెను మార్చుకునే ధైర్యం చట్టానికి ఉండాలి. అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఐదు నానోగ్రాములు పెట్టుకున్నాయి. అయితే రక్తంలో ఇంత ఉంటే ఇంత మత్తు అని చెప్పే శాస్త్రీయ గీత గంజాయికి లేదని ఆ దేశంలోనే 2016లో ట్రాఫిక్ భద్రతపై పనిచేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. ఆ దేశ రహదారి భద్రతా సంస్థ 2017లో కాంగ్రెస్‌కిచ్చిన నివేదిక చెప్పిందీ దాదాపు అదే.

అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సింది అంకె కన్నా పరిశీలన పద్ధతి. 1970లలో లాస్ ఏంజిలిస్ పోలీసులు మొదలుపెట్టిన డ్రగ్ రికగ్నిషన్ ఎక్స్‌పర్ట్ శిక్షణ ఇప్పుడు పన్నెండు మెట్ల ప్రక్రియ. ముందు శ్వాస పరీక్ష, తర్వాత ప్రశ్నలు. కంటి కదలిక చూస్తారు. గీత మీద తొమ్మిదేసి అడుగులు నడిపిస్తారు, ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబెడతారు. నాడి మూడుసార్లు చూస్తారు, చీకటి గదిలో కనుపాప కొలుస్తారు, చివరికి రక్తమో మూత్రమో తీస్తారు. ఇది కూడా తిరుగులేనిదేం కాదు. తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన న్యూజెర్సీలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏళ్ల తరబడి విచారణ జరిపి, 2023 నవంబరులో ఓలెనోవ్‌స్కీ కేసులో ఈ సాక్ష్యాన్ని అనుమతించింది, కానీ షరతులతో. లక్షణాలు మాదకద్రవ్య వాడకానికి అనుగుణంగా ఉన్నాయని మాత్రమే నిపుణుడు చెప్పాలి, వాడకం వల్లే వచ్చాయని చెప్పకూడదు. ప్రయోగశాల పరీక్షకు తగిన ప్రయత్నం చేయకపోతే ఆ సాక్ష్యం చెల్లదు. మన 1971 తీర్పు కంటి సాక్ష్యాన్ని ఒంటరిగా నమ్మలేమంది. న్యూజెర్సీ తీర్పు కంటి సాక్ష్యంతో పాటు ప్రయోగశాల పరీక్షకూ ప్రయత్నం జరగాలంది. రెండింటి మధ్యలోనే మన చట్టానికి దారి ఉంది.

ఆ పన్నెండు మెట్లను దబీర్‌పురాలో ఎలా దింపాలన్నది వేరే సంగతి. తొమ్మిది అడుగుల గీతకు గుంతలు లేని, వెలుతురున్న, బండ్లు రాని చోటు కావాలి. ఫ్లైఓవర్ కింద అలాంటి చోటు వెతుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల డ్రైవర్ ఒంటికాలి మీద నిలబడలేకపోతే అది మత్తు కాదు. తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో చెప్పిన సూచన దక్కనీ మాట్లాడే మనిషికి అర్థం కాకపోతే తడబాటు అతనిది కాదు. అందుకే ఈ పరిశీలన స్టేషన్‌లోనో ఆస్పత్రిలోనో కెమెరా ముందు జరగాలి, ముందే అచ్చువేసిన ఫారం మీద రాయాలి. ప్రతి లక్షణానికీ ఒక గడి, సమయానికి ఒక గడి. చూసింది రాయాలి, ఊహించింది రాయకూడదు.

రక్తం సంగతి కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. దబీర్‌పురా నుంచి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆస్పత్రి దగ్గరే, దూరం అడ్డం కాదు. క్యాజువాలిటీలో ప్రాణం మీదికి వచ్చినవాళ్లు వరుసలో ఉండగా పోలీసు తెచ్చిన, పైకి బాగానే ఉన్న మనిషి రక్తం తీయడానికి డ్యూటీ డాక్టరుకు తీరికుండదు. రెండు గంటలు అక్కడే కరిగిపోతాయి. టీహెచ్‌సీ కూడా ఆ రెండు గంటల్లోనే రక్తంలో బాగా పడిపోతుంది. తీసిన రక్తాన్ని బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో పెట్టాలి, అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. కొకైన్ లాంటివి గొట్టంలోనే విరిగిపోవడాన్ని అది నిదానింపజేస్తుంది. మామూలు గొట్టంలో పెట్టి, సీలు లేకుండా, వేడిలో స్టేషన్ బీరువాలో ఉంచిన నమూనా రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరేసరికి ఏం చెబుతుందో ఎవరూ ప్రమాణం చేయలేరు. తనిఖీ రాత్రుల్లో ఈ పనికే ఒక డాక్టరు, ఒక లేడీ డాక్టరు డ్యూటీలో ఉండటం, నమూనా చల్లదనంలో ఉండటం, ల్యాబ్ నివేదికకు గడువుండటం చట్టంలో ఒక్క మాట మార్చకుండా రాష్ట్రమే చేయగలిగిన పనులు.

చట్టంలో మార్చాల్సిన మాటలు మాత్రం ఢిల్లీలో మార్చాలి. 203లో శ్వాసతో పాటు లాలాజలం చేరాలి, ఏ పరికరం వాడాలో కేంద్రం శ్వాస మిషన్‌కు చేసినట్టే నోటిఫై చేయాలి. 204లో రక్తం అడగడానికి ఆల్కహాల్ ఒక్కటే కారణం కాకూడదు. పరిశీలన ఫారంలో లక్షణాలు నమోదై, లాలాజలం పాజిటివ్ వస్తే అదీ కారణం కావాలి. గంజాయి, కొకైన్, అల్ప్రాజోలం, నైట్రావెట్‌లో ఉండే నైట్రాజెపాం లాంటి కొద్ది పదార్థాలకు రక్తంలో హద్దులు పెట్టాలి, శాస్త్రం మారితే మార్చాలి. డాక్టరు చీటీ మీద మందు వాడేవాడికి స్పష్టమైన రక్షణ ఉండాలి. మూత్ర పరీక్షను బండి నడిపే నేరానికి సాక్ష్యంగా వాడకూడదని రాయాలి. కల్తీ కల్లు తాగినవాడు మత్తులో బండి నడిపితే ఆపాల్సిందే, కానీ తెలియక తాగాడని తేలితే శిక్షలో ఆ తేడా కనిపించాలి, కల్తీ చేసినవాడి మీద కేసు అదే రాత్రి మొదలవ్వాలి. ప్రమాద నివేదికలో మద్యానికొక గడి, మాదకద్రవ్యాలకొక గడి విడిగా ఉండాలి.

ఇందులో ఏదీ మత్తులో బండి నడిపేవాడి మీద జాలితో చెబుతున్నది కాదు. అతను ఆగాలి. ఆ రాత్రి తాళంచెవి అతని చేతిలో ఉండకూడదు, ఇంటికి ఇంకొకరు తీసుకెళ్లాలి. ఆపడానికి కావాల్సిన అనుమానం వేరు, శిక్షించడానికి కావాల్సిన రుజువు వేరు. ఆపడానికి తూలే నడక, కిట్ మీద గీత చాలు. జైలుకు పంపడానికి చాలవు. ఈ రెండింటినీ కలిపేస్తే ముందుగా నష్టపోయేది రోజు కిరాయికి ఆటో తోలేవాడు. లైసెన్సు పోతే అతనికి ఇంకో పని లేదు, లాయరును పెట్టుకునే డబ్బూ లేదు. ఆ మాటకొస్తే కేసు కోర్టులో వీగిపోతే నష్టపోయేది దర్వాజా కింద నడిచే జనం కూడా. నిజంగా మత్తులో నడిపినవాడు కూడా అదే కన్నంలోంచి బయటపడి మళ్లీ హ్యాండిల్ పట్టుకుంటాడు.

బ్రిటన్‌లో డ్రైవర్ నుంచి తీసిన రక్తాన్ని రెండు భాగాలు చేస్తారు. ఒకటి పోలీసుల ల్యాబ్‌కు వెళ్తుంది. రెండోది అడిగితే డ్రైవర్‌కే ఇస్తారు, తనకు నచ్చిన ల్యాబ్‌లో పరీక్షించుకోవచ్చు. ఆ హక్కు ఇక్కడా రావాలి. ఏ పరీక్ష జరిగింది, ఎన్ని గంటలకు, ఏ డాక్టరు రక్తం తీశారు, రెండో సీసా ఎక్కడ ఉంది, చికిత్స కావాలంటే 64ఎ ఏం చెబుతుంది అన్నవి ఉన్న చీటీ స్టేషన్ గడప దాటేముందు అతని చేతికందాలి. ఆ చీటీ దబీర్‌పురాలో తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి.